భద్రాద్రికి రెండు రోజులు

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లని 'ఏమేం చూశారు' అని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే. తెల్లవారుజామున బస్సు దిగాం, గోదాట్లో స్నానం చేశాం, రాములవారి దర్శనం చేసుకున్నాం, సాయంత్రానికి బస్సెక్కేశాం... అంతే! కానీ ఆ ఊరి చుట్టూ రామాయణం ఉంది. అడవి ఉంది. కొండల మధ్య ఒదిగి పారే గోదారి ఉంది. తీరిగ్గా చూడాలంటే రెండు రోజులైనా కావాలి. పైగా వాటిలో కొన్ని ఎప్పటికీ ఇలాగే ఉండవు!

మొదటి రోజు... గుడి, పర్ణశాల

ఖమ్మం మీదుగా వెళ్లేవారు దారిలో నేలకొండపల్లిలో ఆగొచ్చు. రామదాసుగా మనకు తెలిసిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరది. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న గోపన్న, వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండలో ఖైదయ్యాడు. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా చూసిన పిల్లలకు ఆ సొమ్ము ఏమైందో ఇక్కడికి తీసుకొచ్చి చూపించొచ్చు. గోపన్న కన్నా ముందే స్వామిని కొలిచింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం. పుట్టలో దొరికిన విగ్రహాలకు తాటాకు పందిరి వేసి, తాటిపళ్లు నైవేద్యం పెట్టిందట. అడవిబిడ్డ వేసిన పందిరే తరవాత ఆలయమైంది.

ఇక్కడి రాముడు మిగతా ఊళ్లలోలా ఉండడు. నాలుగు చేతులు, శంఖచక్రాలు, ఎడమ తొడమీద సీతమ్మ. వైకుంఠరాముడంటారు. శ్రీరామనవమి నాటి జనసందోహంలో కల్యాణం చూడలేనివారు దిగులు పడక్కర్లేదు. గుడిలో రోజూ నిత్యకల్యాణం జరుగుతుంది. కుటుంబమంతా దగ్గరగా కూర్చుని చూడొచ్చు. నవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ తానీషా కాలం నాటిదని చెబుతారు. ముక్కోటి ఏకాదశి ముందురోజు గోదావరిలో హంసవాహనం మీద తెప్పోత్సవం, మర్నాడు వేకువన ఉత్తరద్వార దర్శనం... ఈ రెండూ ఒక్కసారైనా చూడాల్సినవే.

మధ్యాహ్నం భోంచేసి పర్ణశాల బయల్దేరాలి. సుమారు 35 కిలోమీటర్లు. దారిలో ఓ తమాషా ఉంది. భద్రాచలం ఊరు తెలంగాణలో ఉంది. ఊరు దాటి రెండు కిలోమీటర్లు వెళ్లగానే ఆంధ్రప్రదేశ్. ఇంకాస్త ముందుకెళ్తే మళ్లీ తెలంగాణ! పోలవరం ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లాలోని మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం ఒక్కటీ ఇవతల మిగిలింది. చుట్టుపక్కల పల్లెలు అవతలికి వెళ్లాయి. రాములవారి గుడి ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన మాన్యం వందల ఎకరాలు మరో రాష్ట్రంలో! ఆ మాటకొస్తే 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేది.

పొలిమేరలోనే ఉన్న ఏటపాక, రావణుడితో పోరాడి జటాయువు నేలకూలిన చోటని నమ్ముతారు. గుండాలలో గోదారి తగ్గాక ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరతాయి. పిల్లలకు ఇంతకన్నా సరదా ఏముంది! పర్ణశాలలో మారీచుడు లేడిగా రావడం, సీతాపహరణం అన్నీ బొమ్మల్లో చూపించారు. సీతవాగు రాళ్లమీద కనిపించే చారలు సీతమ్మ చీర ఆరేసిన గుర్తులని చెబుతారు. నమ్మినా నమ్మకపోయినా, చెప్పేవాళ్ల కళ్లలో వెలుగు చూసి తీరాలి.

రెండో రోజు... పాపికొండలు

పొద్దున్నే లేచి పోచవరం వెళ్లాలి. సుమారు 70 కిలోమీటర్ల దారి. మధ్యలో కూనవరం దగ్గర ఒడిశా నుంచి వచ్చే శబరి గోదావరిలో కలుస్తుంది. పోచవరం రేవులో లాంచీ ఎక్కిన కాసేపటికి రెండు గట్లూ దగ్గరకొస్తాయి. అంతదాకా మైళ్ల వెడల్పున పరుచుకున్నట్టుండే గోదారి కొండల మధ్య సన్నగా ఒదిగిపోతుంది. చూస్తే జడ వేసేముందు తీసిన పాపిడిలా ఉంటుందనీ, పాపిడి కొండలే పాపికొండలయ్యాయనీ అంటారు. 2008లో ఈ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు.

పేరంటాలపల్లిలో లాంచీ ఆగుతుంది. శివాలయం, ఆశ్రమం, కొండమీంచి జారే సన్నటి నీటిధార. గట్టుమీద కొండరెడ్ల ఆడవాళ్లు వెదురుతో అల్లిన పూలసజ్జలు, బొమ్మలు అమ్ముతుంటారు. బేరమాడేముందు ఓ మాట గుర్తుంచుకోవాలి. దిగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టులో 150 అడుగుల మేర నీళ్లు నిలిపితే ఈ తీరంలోని పల్లెలు చాలావరకు మునిగిపోతాయి. పోడు వ్యవసాయం, వెదురు, అడవిలో దొరికే ఫలసాయం... ఇవే వీళ్ల బతుకు. పునరావాస కాలనీలో ఇల్లు ఇవ్వొచ్చు, ఇంటి వెనకాల అడవిని ఇవ్వడం ఎవరి తరం? కొండలు అప్పుడూ ఉంటాయి. వాటి పాదాల దగ్గర ఈ ఊళ్లే ఉండవు. పదో పాతికో తగ్గించుకోవడం కన్నా, ఆ పూలసజ్జను అల్లిన మనిషితో రెండు మాటలు మాట్లాడి తెచ్చుకోవడం మంచిది.

గోదారి మాట వినాలి

ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది గోదారే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానాకాలంలో వెళ్తే పాపికొండలు చూడాలన్న పట్టుదల వద్దు. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అయితే రెండోది, 53 అయితే మూడోది. 1986 ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు లేచింది. 2022 జులైలో మళ్లీ 71 అడుగులు దాటింది. 2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో పాపికొండలకు బయల్దేరిన పర్యాటక లాంచీ కచ్చులూరు దగ్గర మునిగి 50 మంది దాకా చనిపోయారు. సెలవు దొరికింది కదాని వెళ్లిన కుటుంబాలవి. అందుకే లైఫ్ జాకెట్ ఇస్తే ఒడిలో పెట్టుకోకుండా తొడుక్కోవాలి. ఇవ్వకపోతే లాంచీ ఎక్కనేకూడదు. వరదలో రేవు మూసేశారంటే అది మన మంచికే.

ఎలా వెళ్లాలి?

రైల్లో వచ్చేవారు స్టేషన్ పేరు చూసి పొరబడుతుంటారు. 'భద్రాచలం రోడ్' స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కణ్నుంచి మరో 40 కిలోమీటర్లు బస్సులో రావాలి. హైదరాబాద్ నుంచి రోడ్డుమీద సుమారు 310 కిలోమీటర్లు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గోదారి వంతెన మీదుంటారు. 1965లో ఈ వంతెన రాకముందు భక్తులు పడవల్లో దాటేవారు. తిరుగు ప్రయాణంలో సమయం మిగిలితే పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం, జింకల పార్కు చూడొచ్చు. భద్రాచలం ఐటీడీఏలోని గిరిజన మ్యూజియం మాత్రం పాపికొండలకు వెళ్లే ముందే చూడాలి. గట్టుమీద పూలసజ్జలమ్మే మనుషుల ఇల్లూ వాకిలీ ఎలా ఉంటాయో తెలిసి వెళ్తే, రేవులో చూసేది మరోలా కనబడుతుంది.