సీసా మీద మీ పేరుందా?

వేసవి వస్తే హైదరాబాద్, విజయవాడల నుంచి అమ్మానాన్నలు అమెరికా బయల్దేరతారు. నూనె కారకుండా ఆవకాయ డబ్బాకు మూడు కవర్లు చుడతారు. మందుల దగ్గర మాత్రం ఆ శ్రద్ధ కనపడదు. మెడికల్ షాపువాడు కత్తెరతో కత్తిరించి ఇచ్చిన నాలుగు బిళ్లలు, ఆరు బిళ్లలు, అన్నీ ఒకే కవర్లో పడేస్తారు. ఒక ముక్క తీసి వెనక రేకు చూడండి. మందు పేరు సగంలో తెగిపోయి ఉంటుంది. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయి ఉంటుంది.

ఆ ముక్క నడుంనొప్పికి వేసుకునే ట్రమడాల్ కావచ్చు. నిద్ర కోసం వేసుకునే అల్ప్రజోలమ్ కావచ్చు. రెండూ అమెరికాలో నియంత్రిత మందులే, నాలుగో షెడ్యూల్లో ఉన్నాయి. ట్రమడాల్ ఆ జాబితాలోకి ఎక్కింది 2014 ఆగస్టులో. అంతకుముందు తెచ్చినప్పుడు ఎవరూ అడగలేదే అంటే ఇప్పుడు కుదరదు.

అందుకే చెబుతున్నాం, స్ట్రిప్పులు కత్తిరించనివ్వకండి. అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్లండి. డాక్టరు చేత ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో చీటీ రాయించుకోండి. 90 రోజులకు మించి మందులు వద్దు. ఆరు నెలలుండేవాళ్లు మిగతా మందుల సంగతి అక్కడి డాక్టరుతో ముందే మాట్లాడించుకోండి. కోడీన్ కలిసిన దగ్గుమందు ఇంట్లోనే వదిలేయండి. అన్నిటికన్నా ముఖ్యం, పక్కింటివాళ్లు "మా అబ్బాయికి ఇవ్వండి వదినగారూ" అని తెచ్చే మందుల పొట్లం తీసుకోకండి. పచ్చడి తీసుకెళ్లండి, మందులు వద్దు. ఈ ఒక్కసారికి మొహమాటం పక్కన పెట్టండి.

ఏది మందు, ఏది నేరం అనే గీత అమెరికాలో ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ని దగ్గుమందుగా అమ్మకానికి పెట్టింది. పళ్లొచ్చే పసివాళ్ల ఏడుపు మాన్పడానికి అక్కడి తల్లులు మార్ఫిన్ కలిసిన సిరప్పు పట్టేవారు. (పసిబిడ్డకు నల్లమందు నాకించి పొలానికి వెళ్లిన రోజులు తెలిసిన మన పెద్దలకు ఇది వింతేమీ కాదు.) అలాంటి మందుల సీసా మీద లోపలేముందో రాసి తీరాలని 1906లో చట్టం తెచ్చారు. 1914లో హారిసన్ చట్టం నల్లమందుకూ కొకైన్‌కూ కళ్లెం వేసింది. 1924లో హెరాయిన్ తయారీనే నిషేధించారు. మద్యాన్ని 1920లో నిషేధించి, 1933లో మళ్లీ వదిలేశారు. 1937లో పన్ను పేరు చెప్పి గంజాయి మీద వేటు వేశారు. 1970లో నిక్సన్ సంతకంతో, మద్యం తప్ప, ఈ మత్తుమందులన్నీ ఒకే చట్టం కిందికి, ఐదు షెడ్యూళ్లలోకి వచ్చాయి. మీ పిల్లల వీసా ఇవాళ ఆ షెడ్యూళ్లకు ముడిపడి ఉంది.

1996 సంగతి చూడండి. ఆక్సీకాంటిన్ అనే నొప్పి బిళ్ల మార్కెట్లోకి వచ్చింది ఆ ఏడాదే. డాక్టర్లు రాశారు, ఫార్మసీలు ఇచ్చాయి, అంతా చట్టం ప్రకారమే. తయారుచేసిన పర్డ్యూ సంస్థే తర్వాత 2007లో ఒకసారి, 2020లో మరోసారి కోర్టులో నేరం ఒప్పుకుంది. ఈలోగా ఎందరో ఆ బిళ్లల నుంచి హెరాయిన్‌కి, అక్కణ్నుంచి మరో మత్తుమందు ఫెంటనిల్‌కి జారిపోయారు. గంజాయిని వైద్యానికి వాడుకోవచ్చని కాలిఫోర్నియా ఓటర్లు ఒప్పుకున్నదీ 1996లోనే. 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాలు ఇంకో అడుగు వేసి సరదాకు కూడా వాడుకోవచ్చన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి న్యూజెర్సీలోనూ ఆ గంజాయి దుకాణాలు తెరిచే ఉంటున్నాయి.

చిక్కంతా అక్కడే ఉంది. బాబూ, అమ్మాయీ, ఎఫ్-1 మీదో హెచ్-1బీ మీదో ఉన్నవాళ్లు కాస్త ఆగి చదవండి. ఆ దుకాణానికి అనుమతిచ్చింది రాష్ట్రం. వీసా ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. ఫెడరల్ చట్టంలో గంజాయిని 1970లోనే ఒకటో షెడ్యూల్లో పెట్టారు. మూడుకు దించుతామని 2024లో ప్రతిపాదించారు కదా అంటారేమో. ఒకటైనా మూడైనా, ఇమిగ్రేషన్ చట్టం చూసేది ఆ మందు ఫెడరల్ జాబితాలో ఉందా లేదా అన్నదొక్కటే. కోర్టు శిక్ష కూడా అక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, ఎయిర్‌పోర్టులో అధికారి అడిగితే "ఒకసారి తాగాను సార్" అని ఒప్పుకోవడమే లోపలికి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. మీ ఫోనులో ఫొటోలూ చూడగలరు. అబద్ధం చెప్పమనడం లేదు, అది ఇంకా పెద్ద ముప్పు. "లేదు" అన్నమాట నిజంగానే అనగలిగేలా ఉండమని బతిమాలుతున్నాం. ఇప్పటికే కేసేదైనా ఉంటే టికెట్ కొనేముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లూ ధీమాగా ఉండొద్దు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం పౌరసత్వానికి అడ్డురావచ్చని 2019 ఏప్రిల్‌లోనే ప్రభుత్వం ప్రకటించింది.

డాలస్ వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. టెక్సాస్‌లో గంజాయి సారంతో చేసిన గమ్మీ పట్టుబడితే లెక్కలోకి వచ్చేది మత్తు బరువు కాదు, మొత్తం గమ్మీ బరువు. ఆ లెక్కన నాలుగు గ్రాముల మిఠాయి ముక్కకు రెండు నుంచి ఇరవై ఏళ్ల శిక్ష పడే నేరం మోపవచ్చు. సియాటిల్లో కొని జేబులో మరిచిపోయి విమానం ఎక్కేవాళ్లున్నారు. ఫ్రిజ్‌లో జెల్లీ అనుకుని మనవడు నోట్లో వేసుకుంటే మరో ప్రమాదం. పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. ఫ్రిజ్ మీద అంటించి పెట్టండి.

ఇక ప్రాణం మీదికి తెచ్చేది. పరీక్షల వారంలో రాత్రంతా మేలుకోవడానికి అడెరాల్ బిళ్ల కావాలని స్నాప్‌చాట్‌లో అడుగుతారు. చేతికొచ్చేది అచ్చం అలాగే ఉంటుంది, అదే రంగు, అదే అంకె. లోపల ఫెంటనిల్ ఉండొచ్చు, మెథ్ అనే మత్తుమందు ఉండొచ్చు. రెండు మిల్లీగ్రాముల ఫెంటనిల్ ప్రాణం తీయగలదని అమెరికా మత్తుమందుల నియంత్రణ సంస్థ డీఈఏ చెబుతోంది. పెన్సిల్ మొన మీద పట్టేంత. 2023లో ఆ సంస్థ ల్యాబుల్లో పరీక్షించిన ఫెంటనిల్ నకిలీ బిళ్లల్లో పదింట ఏడింటిలో ప్రాణాంతక మోతాదు ఉంది. ఆ ఏడాది మందుల మోతాదు మించి అమెరికాలో లక్షమందికి పైగా పోయారు. 2024లో తగ్గింది, అయినా దాదాపు ఎనభై వేలు. ఫార్మసీ సీసా మీద మీ పేరు లేకపోతే ఆ బిళ్ల మీది కాదు. రూమ్మేట్ తన మందు ప్రేమతో ఇచ్చినా తీసుకోవద్దు. ఇచ్చినవాడికీ అది నేరమే.

అయినా ప్రమాదం జరగొచ్చు. కనుపాపలు సూదిమొనంత చిన్నవైతే, పెదాలు, గోళ్లు నీలంగానో బూడిదరంగులోనో మారితే, పిలిచినా, గట్టిగా కదిపినా లేవకపోతే 911కి ఫోన్ చేయండి. పోలీసులొస్తారని భయపడకండి. సాయం కోసం ఫోన్ చేసినవాళ్లకు చాలా రాష్ట్రాల్లో చట్టం కొంత రక్షణ ఇస్తుంది. వీసా సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఫెంటనిల్ లాంటివాటికి విరుగుడైన నార్కాన్ అనే ముక్కు స్ప్రే 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. గదిలో ఒకటి ఉంచుకోండి. ముక్కులో కొట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా దగ్గరే ఉండండి. గొంతులో నీళ్లు గరగరలాడినట్టు గురక వినిపిస్తే, అలిసిపోయి నిద్రపోతున్నాడులే అని లైటార్పి తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోకండి.