గుడి చూచి చెరువు మరువరాదు

శీతకాలము రాగానే పాఠశాలలలో విహారయాత్రల సన్నాహము మొదలగును. ఒక్క దినములో నాలుగైదు స్థలములు చూపి, చీకటి పడువేళకు పిల్లలను ఇండ్లకు చేర్చుట ఈ యాత్రలకు అలవాటైన పద్ధతి. తెలంగాణములో అట్టి యాత్రలు తరచుగా సాగు స్థలములలో పాలంపేట రామప్ప దేవాలయ మొకటి. బస్సు దిగి, చెప్పులు విడిచి, శిల్పముల ముందు ఫోటోలు తీసికొని, మరల బస్సెక్కుటకు ఒక గంట చాలునని అనేకుల లెక్క. ఎనిమిది వందల యేండ్లు నిలిచిన కట్టడమునకు ఒక గంట కేటాయించుట కొరతయే. అంతకంటె పెద్ద కొరత మరొకటి కలదు. గుడికి సుమారు కిలోమీటరు దూరముననే ఉన్న చెరువును చూడకయే తిరిగి వచ్చు బృందములు పెక్కు. చూచినవారిలోనైనను దానిని పడవ షికారునకు తగిన జలాశయముగా తప్ప మరొక విధముగా తలచువారు తక్కువ.

వరంగల్లుకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున, ములుగు జిల్లాలో నున్న ఈ గుడిని కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. 1213లో రుద్రేశ్వర ప్రతిష్ఠ జరిగినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. చెరువును కట్టించినదియు ఆ రుద్రుడే. మనుష్యుడు లోకమున విడిచి పోదగిన సప్తసంతానములలో దేవాలయమును, తటాకమును పెద్దలు ప్రక్కప్రక్కనే లెక్కించిరి. ఈ లెక్క కేవలము పుణ్యమునకు సంబంధించినది కాదు. తెలంగాణ పీఠభూమిపై వాన కురియునది నాలుగు నెలలు. పంటకు నీరు కావలసినది అంతకంటె ఎక్కువ కాలము. కొండల నడుమ మట్టికట్ట వేసి వాననీటిని నిలిపిననాడే వరి పండెను. వరి పండిననాడే ఊరు నిలిచెను. ఊరు నిలిచిననాడే శిల్పికి కూలి, నర్తకికి జీవనము, దేవునికి నైవేద్యము సమకూడెను. చెరువు లేనిదే ఆ గుడి లేదు. నేటికిని ఆ చెరువు క్రింద పొలములు పండుచున్నవి.

గుడిలో చూడవలసినది శిల్పసౌందర్య మొక్కటియే కాదు, నిర్మాణములోని యుక్తి కూడ. పునాదిలో ఇసుక నింపి, దానిపై కట్టడమును నిలిపిరి. గోడలకు ఇసుకరాయి, మదనికలవంటి సూక్ష్మశిల్పమునకు నల్లరాయి వాడిరి. శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలు చేయించిరి. పైని భారము తగ్గించి, క్రింద నేల కదలికను ఓర్చుకొను ఏర్పాటు చేసిరన్నమాట. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున 5.3 తీవ్రతతో భూమి కంపించినది. గుడి నిలిచియే యున్నది. ఇక గోడలమీదను స్తంభములమీదను కనబడు నర్తకీమణులు, మార్దంగికులు ఆ కాలపు నాట్యమునకు సాక్షులు. గణపతిదేవుని గజసేనాపతి జాయపసేనాని సంస్కృతమున నృత్తరత్నావళి రచించెను. ఆ గ్రంథమును, ఈ శిల్పములను ఆధారముగా గొని నటరాజ రామకృష్ణ గత శతాబ్దిలో పేరిణి నృత్యమును పునరుద్ధరించిరి. రాతిలో మిగిలినది మరల మనుష్యుని పాదములలోనికి వచ్చినది. ఏ పాఠ్యపుస్తకమైనను ఇంతకంటె చక్కని పాఠము చెప్పలేదు.

2021 జూలై 25న యునెస్కో ఈ దేవాలయమును ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చినది. తెలంగాణమునుండి ఆ జాబితాలో చేరిన మొదటి కట్టడ మిదియే. ఈ గౌరవము సంతోషింపదగినదే గాని, దానితోపాటు వచ్చు బరువు చిన్నది కాదు. పేరు పెరిగినకొలది జనము పెరుగును. జనము పెరిగినకొలది వాహనములు, వసతిగృహములు, అంగళ్లు, ప్లాస్టిక్ సీసాలు పెరుగును. గర్భగుడి ద్వారము చెంత ఒక శిల్పమును మీటిన స్వరములు పలుకునని చెప్పి, వచ్చిన ప్రతివారును వ్రేలితో తట్టి చూచుట ఒక ముచ్చటగా మారినది. ఒక్క చేతి తాకిడికి రాయి అరుగదు. లక్ష చేతుల తాకిడికి అరుగును. చెరువుగట్టున పారవేసిన సీసా వానకు నీటిలో చేరి, తూములో చిక్కుకొని, రైతు కాలువకు అడ్డుపడును. ఇసుక పునాదిపై నిలిచిన గుడికి దగ్గరలో భారీ త్రవ్వకములు, ప్రేలుళ్లు జరుగరాదన్న జాగ్రత్తయు అవసరము. ప్రక్క భూపాలపల్లి ప్రాంతము బొగ్గుగనులకు పేరుపడినదని మరువరాదు.

అట్లని యాత్రికులు రాకూడదనుట పరిష్కారము కాదు. ఎవరును చూడని కట్టడమును ఎవరును కాపాడరు. గ్రామస్థులలో కొందరికి యాత్రికుల రాకయే జీవనాధారము. కావలసినది యాత్ర చేయు తీరులో మార్పు. దీనికి ఉపాధ్యాయులకంటె సమర్థులు లేరు. ఒక దినమునకు ఐదు స్థలములకు బదులు రామప్ప యొక్కదానినే ఎంచుకొనవచ్చును. బయలుదేరుటకు ముందే తరగతిలో కాకతీయుల కాలమునుగూర్చి రెండు పాఠములు చెప్పవచ్చును. గుడినుండి చెరువుకట్టవరకు పిల్లలను నడిపించి తీసికొనిపోవచ్చును. కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినది, తూము ఎక్కడ నున్నది, నీరు ఏ పొలములకు పోవుచున్నది అన్న ప్రశ్నలకు జవాబులను ఆయకట్టు రైతునే అడుగుమనవచ్చును. భోజనమును ఆ ఊరివారిచేతనే వండించి విస్తళ్లలో వడ్డింపవచ్చును. త్రాగునీటిని ఇంటి సీసాలలోనే తెచ్చుకొనవచ్చును. శిల్పమును చేతితో తాకక, కాగితముపై గీయుమని చెప్పిన, ఫోటో చూపలేని వివరములు పిల్లవాని కంటబడును. వీనికి అదనపు ధనము అక్కరలేదు, కొంత ముందాలోచన చాలును.

ఈ అలవాటు పాలంపేటతో ఆగిపోవలసినది కాదు. కాకతీయుల కాలమున పల్లెపల్లెకు చెరువులుండెడివి. ఒకదాని అలుగు మరొకదానికి పారునట్లు గొలుసుగా కట్టినవి అందులో ఎన్నో. వానిలో కొన్ని పూడిపోయినవి. కొన్నిటి శిఖము కబ్జాలపాలైనది. పూడిక తీయుటకై 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ అను పథకమును ప్రారంభించినది. కాని తన ఊరి చెరువు తనదని తలచు పౌరుడు లేనిచోట ఏ పథకమైనను ఎక్కువకాలము నిలువదు. రామప్ప చెరువుకట్టపై నిలిచి, గుడికిని పొలమునకును గల సంబంధమును గ్రహించిన విద్యార్థి తన ఊరి చెరువులో చెత్త పోయుచుండగా చూచి ఊరకుండడు. అట్టి విద్యార్థులను పదిమందిని తయారుచేసిన యాత్రయే సార్థకమైన యాత్ర.