దుగ్గిరాల చీటీ ఎవరికి?

పోయిన సెలవుల్లో హాస్టల్‌కి వచ్చినప్పుడు తమ్ముళ్లు చీటీలు, పాచికలతో కథలాట ఆడుతున్నారు. కథ 1921 నాటి చీరాల-పేరాల. మున్సిపాలిటీ పన్ను కట్టబోమని జనం ఇళ్లు వదిలి రామనగరంలో పాకలు వేసుకున్న కథ. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీటీ ఏడో తరగతి తమ్ముడికి వచ్చింది. వాడికి నత్తి. "పదండి" అనేలోపే అందరూ నవ్వారు. "జనం కదల్లేదు" అని ఆట నడిపేవాడు తేల్చేశాడు.

ఇది అన్యాయం. ఆటలో కొట్లాట వస్తే ఎవర్నీ లేచి కుస్తీ పట్టమనం, పాచిక వేయమంటాం. మాట దగ్గరికొచ్చేసరికి ఆటగాడి నోరే ఎందుకు చూడాలి? 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో బలానికి లాగే పదిమందిని ఆకట్టుకునే గుణానికీ మూడు పాచికలు వేసి అంకె ఇచ్చారు.

అలాగని ఉత్త పాచికే వేస్తే బుర్రకి పనుండదు. అందుకే నేనడిగే రూలు ఇది: ఎవర్ని ఒప్పిస్తున్నావో, ఏ కారణం చెబుతావో ముందు చెప్పాలి. తడబడినా, కాగితం మీద రాసిచ్చినా సరే. కారణం గట్టిదైతే పాచికకి రెండు కలపాలి. ఇల్లు వదలమంటే ముసలమ్మ అడిగేది "వానొస్తే ఎక్కడ పడుకోవాలిరా?" అనే కదా! దానికి కావలసింది జవాబు, గొంతు కాదు.

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివిన నేను, ఇక్కడున్న ఆరేళ్లలో వక్తృత్వ పోటీకి ఒక్కసారీ పేరివ్వలేదు. పాయింట్లు లేక కాదు. ఈసారి ఆట పెట్టినప్పుడు దుగ్గిరాల చీటీ మళ్లీ ఆ తమ్ముడికే ఇవ్వండి.