శనివారం తెరిచే గుండం

ఆదివారం సెలవు కదా, పిల్లల్ని తీసుకుని వెళ్లొద్దామనుకుంటే కుదరదు. నెమలిగుండం గుడి తలుపులు తెరిచేది శనివారమే. మిగతా ఆరు రోజులూ ఆ చోటు అడవిదే.

గుంటూరు-నంద్యాల రైలు మార్గంలో గిద్దలూరులో దిగితే, అక్కణ్నుంచి రాచర్ల మండలం జె.పుల్లలచెరువు మీదుగా నల్లమలలోకి దారి. కొండల నడుమ నుంచి వచ్చే గుండ్లకమ్మ ఇక్కడ బండల మీంచి గుండంలోకి దూకుతుంది. పక్కనే రంగనాయకస్వామి ఆలయం. మయూర మహర్షి నెమలి రూపంలో ముక్కుతో తవ్వడం వల్లే ఈ గుండం ఏర్పడిందంటుంది స్థలపురాణం. జలపాతం హోరు వినాలంటే మంచి వానలు పడ్డాక వెళ్లాలి. వాన ముఖం చాటేసిన ఏడు సన్నటి ధారే దిక్కు. పిల్లలతో వెళ్లేవాళ్లు నాచు పట్టిన బండల దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి.

చూసి వచ్చేయడానికి అదొక్కటే చాలు. కానీ ఆ నీళ్లు ఎటు పోతాయో తెలిస్తే గుండాన్ని చూసే చూపే వేరుగా ఉంటుంది. గుండ్లకమ్మ పుట్టింది నల్లమలలోని గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర. ఆ పేరుతోనే 1990లో అభయారణ్యం ఏర్పడింది. పెద్దపులి తిరిగే అడవి అది. జంపలేరు, ఎనుమలేరులను కలుపుకొని నది కంభం కనుమకు చేరుతుంది. అక్కడ రెండు కొండల మధ్య విజయనగర కాలంలో కట్ట వేసి నదిని ఆపారు. అదే కంభం చెరువు. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది.

గుర్తింపు మాట అలా ఉంచితే, కరవు ఏడాదుల్లో బోర్లు ఎండి ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే ప్రాంతమిది. చెరువు నిండిందంటే ఆయకట్టులో నాట్లు, చుట్టుపక్కల బావుల్లో ఊట. అది నిండాలంటే ఎగువన వాన పడితే చాలదు, ఆ వానను పట్టి ఉంచి మెల్లగా వదిలే చెట్టూ చేమా ఉండాలి. గుండం ఒడ్డున స్నానం చేసి పారేసిన షాంపూ పొట్లం కూడా వరదొస్తే ఆ చెరువు వైపే కొట్టుకుపోతుంది.

అడవిలో దుకాణాలుంటాయని నమ్ముకోవద్దు. పులిహోర, మంచినీళ్లు ఇంటి నుంచే సర్దుకోవడం మేలు. ఖాళీ సీసాలు, విస్తళ్లు మళ్లీ అదే సంచిలో ఊరికి తెచ్చుకోవాలి. పొద్దు వాలకముందే తిరుగుదారి పట్టాలి.