గాలి ఆగాక వచ్చే పది రోజులు

పుదుచ్చేరిలోని వైతికుప్పం తీరాన చేపల గంపలు, ఇడ్లీ బండ్లు, కిరాణా కొట్లు నడుపుకునే వారికి ఈ హెచ్చరిక. అక్టోబరు వచ్చేసింది. ఇక డిసెంబరు దాకా పుదుచ్చేరికి కంటిమీద కునుకుండదు. అందరి భయం తుపాను రోజు గురించే. చిన్న వ్యాపారిని కూలదోసేది మాత్రం ఆ రోజు కాదు, గాలి ఆగిన తర్వాత సరుకు రాని రోజులు.

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. దాటాక కూడా గంటల తరబడి ఇక్కడే తిష్ఠ వేసింది. ఒక్క రోజులో దాదాపు 46 సెంటీమీటర్ల వాన కురిసి వీధుల్లో పడవలు తిరిగాయి. వ్యాపారులకు అసలు దెబ్బ విల్లుపురం వైపు నుంచి తగిలింది. విక్రవండి, ముండియంపాక్కం మధ్య వంతెన దగ్గర నీరు ప్రమాద స్థాయి దాటడంతో డిసెంబరు 2న రైళ్లు ఆగాయి. చెన్నై–తిరుచ్చి రహదారిని వరద ముంచెత్తింది. దుకాణంలోకి చుక్క నీరు రాకపోయినా, రావలసిన లారీ రాకపోతే ఏం అమ్ముతాం?

అంతకు మూడు నెలల ముందు విజయవాడలోనూ ఇదే జరిగింది. బుడమేరు వాగు సింగ్ నగర్‌ను ముంచిన రోజుల్లోనే అటు మహబూబాబాద్ జిల్లాలో పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఊరి లోపల వరద, ఊరి బయట తెగిన దారి.

ఐసు సంగతే చూడండి. థర్మాకోల్ పెట్టెలో ఒక వరుస వంజరం, దానిమీద పొడిచేసిన ఐసు, మళ్లీ చేప, మళ్లీ ఐసు, అన్నిటి మీద తడి గోనె. కరెంటు పోతే ఐసు ఫ్యాక్టరీ ఆగుతుంది. పొద్దున ఎర్రగా ఉన్న మొప్పలు మధ్యాహ్నానికి నల్లబడతాయి. ఇవాళ అమ్మిన డబ్బే రేపటి పెట్టుబడి అయిన ఆడమనిషికి ఆ పెట్టె పాడైతే రేపు లేనట్టే. అప్పుడే రోజువారీ వసూలుకు అప్పిచ్చే తండల్ వాడు గుమ్మంలో నిలబడతాడు. పదివేలని రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, వంద రోజులు రోజుకు వంద వసూలు చేస్తాడు. వాన కురిసిన రోజు కూడా లెక్కే. ఫోన్లో క్షణాల్లో అప్పిస్తామనే యాప్‌లు ఇంతకన్నా ప్రమాదం. వాటి చేతిలో మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఫెంగల్ తర్వాత ముఖ్యమంత్రి రంగస్వామి రేషన్ కార్డుకు 5,000 రూపాయలు ప్రకటించారు. అది ఇంటికి ఆసరా, కొట్లో తడిసిన బస్తాలకు కాదు. వాటికి బీమా కావాలి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ పాలసీ ఉంది. తుపానూ వరదా దాని కిందికి వస్తాయి. కానీ కరెంటు పోయి చల్లదనం తగ్గి పాడైన సరుకుకు మామూలుగా డబ్బు రాదు. సంతకం పెట్టే ముందే ఈ మాట ఏజెంటును అడిగి తీరాలి. వీధి బండ్ల వారు పీఎం స్వనిధి రుణ పథకం కింద తొలి విడత 15,000 దాకా తెచ్చుకోవచ్చు. తండల్ గుమ్మం ఎక్కకముందే బ్యాంకు గుమ్మం ఎక్కండి.

హోటళ్లకు ఎండుచేపలో పచ్చళ్లో తయారుచేసి ఇచ్చేవారు చిన్న పరిశ్రమల ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోండి. 45 రోజుల్లో బాకీ తీర్చాలని చట్టం మీ పక్షాన నిలుస్తుంది. కొని అమ్మేవారికి ఈ రక్షణ వర్తించదు గనుక వాళ్లు ఈ మూడు నెలలూ అరువు బిగించాల్సిందే.

ఒకే లారీ, ఒకే మండీ, ఒకే ఐసు ఫ్యాక్టరీ మీద ఆధారపడకండి. కడలూరు వైపు ఒకరి నంబరు, తిండివనం వైపు ఒకరి నంబరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. పప్పు, నూనె, గ్యాసు పది రోజులకు సరిపడా ఎత్తు మీద ఉంచండి. పక్క కొట్టుతో కలిసి ఒక జనరేటరు ముందే మాట్లాడుకోండి. అప్పు పుస్తకం, బిల్లులు, సరుకు ఫొటోలు ఫోన్లోకి ఎక్కించండి, తడిసిన కాగితంతో క్లెయిమ్ నడవదు. అధికారులు కూడా ఐసు ఫ్యాక్టరీలకు కరెంటు మొదటి వరుసలో ఇస్తామని ఇప్పుడే చెప్పాలి.

వాయుగుండం మాట టీవీలో వినబడ్డాక కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. బ్యాంకుకు, బీమా ఆఫీసుకు ఈ వారంలోనే వెళ్లండి.