గోడమీది తుపాకి

సినిమా జమీందారుగారి హాల్లో పులితల పక్కన డబుల్ బ్యారెల్ తుపాకి ఉండి తీరాలి! అయితే బొబ్బిలి యుద్ధం జరిగిన 1757లో ఇలా మడతవిరిచి తూటాలు పెట్టే రకం లేదు సుమండీ. గొట్టం మూతిలోంచి మందు కూరాల్సిందే.

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఏ పాతలోగిట్లోనైనా తాతగారి తుపాకి దొరికిందనుకోండి. కర్రకి అవిసెనూనె పట్టిస్తే కళొస్తుంది. గొట్టంమీద నీటి అలల్లాంటి చారలున్నాయా? ఇనుము, ఉక్కు పేని చేసిన డమాస్కస్ గొట్టం అది, నల్లమందు నాటిది. ఇప్పటి తూటా వేశారో, గొట్టమే పగలొచ్చు! బాగుచేసేవాడికీ లైసెన్సుండాలి.

2019 చట్టసవరణతో మనిషికి మూడు కాదు, రెండే. వారసత్వమన్నా అంతే. మూడోది ఏడాదిలోగా అప్పగించమన్నారు. ఏది వదులుకోవడం? నన్నడిగితే డమాస్కస్‌దాన్ని మాత్రం వదలను. పేల్చను, చూస్తూ కూచుంటా!