జ్వరం దిగాక దద్దుర్లు: పేరు పెట్టేముందు బిడ్డను చూడండి

పసిబిడ్డకు మూడు రోజులు జ్వరం కాసి, నాలుగవ నాడు ఒంటిమీద ఎర్రని దద్దుర్లు కనబడగానే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "అమ్మవారు పోసింది" అన్నదే. వెంటనే గుమ్మానికి వేపమండలు కడతారు, ఒంటికి పసుపు పూస్తారు. నీళ్ళు పోసేదాకా బిడ్డను గడప దాటించరాదన్న కట్టుబాటు వల్ల వైద్యునికి చూపించడం కూడా ఆగిపోతుంది. పెద్దల ఆచారాన్ని ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. కాని దద్దుర్లన్నింటికీ ఒకే పేరు పెట్టి ఊరుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం.

నేను 1972లో గురువుగారి ఇంట విద్యార్థిగా చేరేనాటికి మన దేశంలో మశూచి ఇంకా ఉంది. గుమ్మాన వేపమండ కనబడితే ఇతరులు లోపలికి రారు, రోగికి విశ్రాంతి దొరుకుతుంది, అంటు తగ్గుతుంది. ఆ ఆచారంలోని వివేకం అదే. 1975తో మన దేశంలో మశూచి అంతరించింది. 1980లో ప్రపంచం నుండే తొలగిపోయినట్లు ప్రకటించారు. వ్యాధి పోయినా ఆ భయమూ, ఆ పేరూ మాత్రం మన మధ్య నిలిచిపోయాయి.

గురువుగారు దద్దుర్లను చూసేముందు తల్లిని రెండు ప్రశ్నలు అడిగేవారు. జ్వరం వచ్చి ఎన్ని రోజులయింది? దద్దుర్లు వచ్చాక జ్వరం దిగిందా, పెరిగిందా? ఈ రెంటికీ సమాధానం దొరికితే సగం నిదానం తేలినట్లే.

ఆరు నెలలు మొదలు రెండేళ్ళలోపు బిడ్డలకు తరచుగా వచ్చే ఒక జబ్బును రోజియోలా అంటారు. అది ఒక వైరస్ వల్ల వస్తుంది. మూడు నుండి అయిదు రోజులు తీవ్రమైన జ్వరం ఉంటుంది. 103, 104 డిగ్రీలు కూడా దాటవచ్చు. జ్వరం హఠాత్తుగా దిగిన తరువాత ఛాతీమీద, వీపుమీద, మెడమీద గులాబిరంగు చిన్న మచ్చలు వస్తాయి. దురద సాధారణంగా ఉండదు. బిడ్డ పాలు తాగుతుంది, ఆడుకుంటుంది. రెండు మూడు రోజుల్లో మచ్చలు తమంతట తామే మాయమవుతాయి. దీనికి లేపనం గాని, కషాయం గాని అక్కరలేదు.

తట్టు ఇందుకు విరుద్ధం. జ్వరంతోపాటు దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ముందుగా ఉంటాయి. దద్దుర్లు చెవుల వెనుక, ముఖంమీద మొదలై కిందికి పాకుతాయి. అవి వచ్చేటప్పుడు జ్వరం ఇంకా పెరుగుతుంది. మాధవనిదానంలో మసూరికా ప్రకరణాన చెప్పిన రోమాంతిక లక్షణాలు ఇంచుమించు ఇవే: ముందు జ్వరం, దగ్గు, అరుచి, రోమకూపాలంత ఎర్రని పొక్కులు. తట్టు న్యుమోనియాకు దారితీయగలదు. బిడ్డను తప్పక వైద్యునికి చూపి, విటమిన్ 'ఎ' మోతాదు ఇప్పించాలి. తొమ్మిది నెలలు నిండగానే ఒకసారి, పదహారు నుండి ఇరవైనాలుగు నెలల మధ్య మరొకసారి టీకా వేయిస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఇక ఆటలమ్మలో నీటి పొక్కులు విడతలు విడతలుగా లేస్తాయి, దురద ఉంటుంది.

ఇక నా పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం వానాకాలంలో ఏడాదిన్నర బిడ్డను నా వద్దకు తెచ్చారు. నాలుగు రోజుల జ్వరం ఆ ఉదయమే దిగింది, ఒంటిమీద ఎర్రదనం కనబడింది. "జ్వరం దిగింది కదా, భయం లేదు" అని పంపివేశాను. బిడ్డ మందకొడిగా తల్లి భుజాన వాలిపోయి ఉన్న సంగతి చూశాను గాని లెక్కలోకి తీసుకోలేదు. రాత్రికి చేతులు, కాళ్ళు చల్లబడ్డాయి, వాంతులు పట్టాయి. తల్లి తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకుపోయింది. అది డెంగ్యూ. బిడ్డ బతికిందంటే ఆ తల్లి మెలకువే కారణం, నా వైద్యం కాదు. డెంగ్యూలో జ్వరం దిగే సమయమే గండం. అందుకే ఇప్పుడు గురువుగారి రెండు ప్రశ్నలకు మూడవది చేర్చుకున్నాను: బిడ్డ ఎలా ఉంది?

తల్లులకు నా మనవి. దద్దుర్లను దీపం వెలుగులో కాక పగటి వెలుతురులో చూడండి. చామనచాయ ఒంటిమీద ఎరుపు తేలికగా తెలియదు. వైద్యుడు చూసేవరకు పసుపు, చందనం, వేపాకు ముద్ద ఏదీ పూయకండి; పూతకింద లక్షణం దాగిపోతుంది. గాజు గ్లాసు పక్కభాగాన్ని మచ్చమీద నొక్కి చూడండి. నొక్కినా రంగు మాయం కాకపోతే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. బిడ్డ మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఆయాసపడినా, మూత్రం తగ్గినా, కాళ్ళు చల్లబడినా, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తం వచ్చినా, మూర్ఛ వచ్చినా ఆలస్యం తగదు. అయిదు రోజులు దాటినా జ్వరం తగ్గక కళ్ళు, పెదవులు ఎర్రబడితే గుండెకు హాని చేసే జబ్బు కావచ్చు. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే దద్దుర్లు లేకపోయినా ఇంట్లో ఉంచరాదు.

పథ్యం పేరుతో తల్లిపాలు మాన్పించకండి. అన్నం తినే బిడ్డకు పలుచని జావ, కాచి చల్లార్చిన నీరు కొద్దికొద్దిగా ఇవ్వండి. వస, ఆముదం, ఎవరో ఇచ్చిన భస్మాలు పట్టవద్దు. ఆస్పిరిన్ అసలే కూడదు. కొత్తగా ఏ మందైనా వాడుతుంటే దాని చీటీ వెంట తీసుకువెళ్ళండి. కొన్ని దద్దుర్లు మందువల్లనే వస్తాయి.

కౌమారభృత్యం ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో ఒకటి. దానిని చదివినవాడిగా చెబుతున్నాను: తన చేతిలో లేని రోగాన్ని గుర్తించి వెంటనే పంపివేయడం కూడా వైద్యమే. గుమ్మానికి వేపమండ కట్టుకోదలిస్తే కట్టుకోండి. కాని దాని వెనుక బిడ్డను దాచకండి.